ముందు వరస మధ్యవాడు

మావారు గోల్‌పోస్టు దగ్గర పడ్డారు. ఆడుతూ పడ్డారంటే నలుగురిలో చెప్పుకోవడానికైనా బాగుండేది. పోస్టుకి రంగు వేస్తూ నిచ్చెన మీద నుంచి పడ్డారు. నిచ్చెన పట్టుకోవాల్సిన మనిషి టీకి వెళ్ళాడట. అతను తిరిగొచ్చేదాకా ఈయనకి ఆగబుద్ధి కాలేదు. తుంటి ఎముక విరిగింది. నాలుగు నెలలు మంచం దిగడానికి వీల్లేదన్నాడు డాక్టరు. రగ్బీ సీజను కూడా సరిగ్గా నాలుగు నెలలే.

ఇది ఇరవై రెండేళ్ళ నాటి మాట. అప్పటికి పంతొమ్మిదేళ్ళుగా ఆయన జిల్లా రగ్బీ సంఘానికి గౌరవ కార్యదర్శి. గౌరవ అనే మాటకి జీతం ఉండదని అర్థం. అది నాకు పెళ్ళయిన మొదటి నెలలోనే తెలిసొచ్చింది. జిల్లాలో ఆరు క్లబ్బులు. ఒక్కొక్కటీ మిగతా ఐదింటితో రెండేసి సార్లు ఆడాలి. ఎవరు ఎవరితో, ఏ రోజు, ఏ మైదానంలో, రిఫరీ ఎవరు, అంబులెన్సు ఏ గేటు దగ్గర నిలబడాలి, అన్నీ మా అన్నం బల్ల మీదే తేలేవి. పగలు నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తాగిరీ, సాయంత్రం ఇంట్లో ఈ దొరతనం. ఈ రెండోదంటేనే ఆయనకి ప్రాణం.

ముందుగదిలోకి మంచం మార్చాం. ఆరు క్లబ్బుల వాళ్ళూ పరామర్శకి వచ్చారు, పళ్ళు తెచ్చారు. "మీరు లేకపోతే ఎలా సార్" అన్నవాళ్ళే అందరూ. "నేను చూసుకుంటాను సార్" అన్న నోరు ఒక్కటీ లేదు. కాలేజీ క్లబ్బాయనకి పరీక్షలు, మిల్లు క్లబ్బాయనకి షిఫ్టులు, రేవు క్లబ్బాయన అయితే అడగకముందే చెప్పులు వేసుకున్నాడు. వాళ్ళు వెళ్ళాక మావారు గోడవైపు తిరిగి పడుకున్నారు.

"పోనీ, నేను చేస్తాను" అన్నాను.

"నువ్వా? స్క్రమ్ అంటే ఏమిటో తెలుసా నీకు?"

"తెలీదు. బస్సులు తెలుసు."

అప్పట్లో నేను బస్టాండులో విచారణ కిటికీ వెనక కూర్చునేదాన్ని. ఏ ఊరికి ఏ బస్సు ఎన్నింటికి బయలుదేరుతుందో, ఎన్నింటికి బయలుదేరాలో, ఆ రెంటికీ మధ్య ఎంత తేడా ఉంటుందో నాకు కంఠతా. పదిహేనుమంది మగవాళ్ళని, నాలుగు సంచుల బట్టల్ని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వేళకి చేర్చడమే కదా ఈ కార్యదర్శిత్వమంతా అనుకున్నాను. కుండలో కూడు కుండలోనే ఉండాలి, పిల్లాడు మాత్రం దుడ్డులా ఉండాలన్నట్టు, తన కుర్చీ ఎవరికీ ఇవ్వకూడదు, పని మాత్రం జరగాలి అన్నది మావారి పంతం. పెళ్ళాం కూర్చుంటే కుర్చీ ఇంట్లోనే ఉంటుంది. అందుకే ఒప్పుకున్నారు.

ఇంక మా మరిది సంగతి చెప్పాలి. అతను వడ్రంగి. మా పెరట్లో షెడ్డు అతని దుకాణం, మేడ మీద గది అతని కాపురం. పెళ్ళి చేసుకోలేదు. ఊరి క్లబ్బుకి కెప్టెను. ఆ ఇద్దరన్నదమ్ములూ ఒకే ఇంట్లో రెండేళ్ళుగా మాట్లాడుకోవడం లేదు.

తగువు కూడా రగ్బీ మీదే. కొత్త ఆటగాణ్ణి నమోదు చేసే ఫారం బుధవారం సాయంత్రం ఎనిమిదిలోగా కార్యదర్శి ఆఫీసుకి చేరాలి. మరిది ఎనిమిదికి పది నిమిషాలుండగా, ముగ్గురం అన్నం తింటుంటే, ఆ ఫారం అన్నగారి కంచం పక్కన పెట్టాడు. ఈయన తాపీగా తిన్నారు. చెయ్యి కడుక్కున్నారు. బల్ల తుడిపించారు. ఎనిమిదీ ఐదుకి కళ్ళజోడు పెట్టుకుని ఫారం తీసి, "ఆలస్యంగా అందింది" అని రాశారు. భోజనం జరుగుతున్నంతసేపూ అది అన్నం బల్లేగాని ఆఫీసు కాదట. పోనీ ఆ మాట తమ్ముడితో నోటితో చెప్పొచ్చుగా? ఇంటి విషయం వేరు, సంఘం విషయం వేరు అని క్లబ్బు చిరునామాకి పోస్టులో పంపారు. అది సోమవారం చేరింది. మ్యాచ్ ఆదివారమే అయిపోయింది, అందులో ఆ కొత్తవాడు ఆడేశాడు కూడా. నమోదు కానివాణ్ణి ఆడించినందుకు నాలుగు పాయింట్లు కోశారు. ఆ నాలుగు పాయింట్లతోనే ఆ ఏటి కప్పు పోయింది.

అప్పటినుంచి నేనే వాళ్ళిద్దరికీ టెలిఫోను. "వదినా, ఉప్పు ఇటు జరపమను" అంటాడు మరిది. ఉప్పు అన్నగారి మోచేతి దగ్గరే ఉంటుంది. "స్నానాల గది తలుపు ఈడ్చుకుపోతోందని చెప్పు, వడ్రంగులున్న ఇల్లు కదా" అంటారు ఈయన కిటికీకేసి చూస్తూ. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత ఏడుపొచ్చేది. ఆ తర్వాత అలవాటైపోయింది, అదే ఎక్కువ బాధ.

నేను పని ఒప్పుకున్నానని తెలిసి మరిది నన్ను షెడ్డులోకి పిలిచాడు. పని బల్ల మీద మేకులు పేర్చి స్క్రమ్ చూపించాడు. ఇటు ఎనిమిది మేకులు, అటు ఎనిమిది, ఎదురెదురుగా తలలు దూర్చి.

"బంతి మధ్యలో పడుతుంది వదినా. రెండువైపులా తోస్తారు. ముందు వరసలో మధ్యవాడున్నాడే, అది నేను, వాడి రెండు చేతులూ పక్కవాళ్ళ భుజాల మీద ఉంటాయి. కూలిపోతే నేలకి చెయ్యి ఆనించడానికి లేదు. పదిహేనుమంది బరువూ వాడి మెడ మీద. అందుకే నేర్చినవాడే నిలబడాలి. నేర్చినవాడు లేకపోతే మ్యాచ్ లేదు."

"మీ అమ్మ చూసి ఉంటే నిన్ను నాలుగు తన్నేది."

"చూసింది. తన్నింది కూడా" అన్నాడు. తర్వాత మేకులు డబ్బాలోకి ఎత్తుతూ, నావైపు చూడకుండా అన్నాడు. "ఇదే నా ఆఖరు సీజను. ముప్ఫయ్యారు నిండాయి. ఒక్కసారి కప్పు చూసి మానేస్తాను."

వానలు తగ్గగానే సీజను మొదలైంది. చెప్పకేం, నాకది నచ్చింది. తర్వాత పదకొండేళ్ళు ఆ పని నేనే చేశాను గాని, ఆ మొదటి ఏడాది రుచి మళ్ళీ రాలేదు. విచారణ కిటికీ దగ్గర ప్రయాణికులు "మేడమ్, ఎక్స్‌ప్రెస్ ఎప్పుడు?" అంటుంటే నోటితో జవాబు చెప్తూ చేత్తో మ్యాచ్‌ల పట్టీ రాసుకునేదాన్ని. డ్రైవర్ల చేత రిఫరీలకి ఉత్తరాలు పంపేదాన్ని. మైదానంలో గీతలకి సున్నం సరిపోయిందో లేదో చూడటానికి చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని బురదలో నడిచేదాన్ని. మొదటి రెండు వారాలు నన్ను చూసి మగవాళ్ళు అదోలా నవ్వారు. మూడో వారం రేవు క్లబ్బు వాళ్ళు అరగంట ఆలస్యంగా వచ్చి "బస్సు లేటు మేడమ్" అన్నారు. "ఆ బస్సు ఇవాళ ఐదు నిమిషాలు ముందే వచ్చింది, కండక్టరు మా కిటికీ దగ్గర సంతకం పెట్టాడు" అన్నాను. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

మావారిది మంచం మీద నుంచి పర్యవేక్షణ. "రిఫరీకి గొడుగిచ్చారా?" "పాయింట్ల పట్టిక ఎర్ర సిరాతోనేనా?" చెవిలో జోరీగ అనుకోండి. కానీ ఒకరోజు ఆయన్ని చూడటానికి వచ్చిన మనిషితో, "మా ఆవిడ పట్టీ వేసిందంటే వేలు పెట్టడానికి లేదు" అనడం వంటింట్లోంచి విన్నాను. ఆ పూట కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను.

ఐదో వారంలో వాగు పొంగి రాళ్ళ క్వారీ క్లబ్బు వాళ్ళ లారీ అవతలే నిలిచిపోయింది. వాళ్ళు రాలేదు గనక ఎదుటివాళ్ళు ఆడకుండానే గెలిచినట్టు వాకోవర్ రాశాను. ఆ సాయంత్రం మావారి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఒక క్లబ్బు రెండుసార్లు వాకోవర్ ఇస్తే లీగులోంచి తీసెయ్యాలి. ఆరు క్లబ్బులు లేని జిల్లాకి లీగే ఉండదు. పక్క జిల్లాలో కలిపేస్తారు. ప్రతి మ్యాచ్‌కీ మూడు గంటల ప్రయాణం. క్వారీ వాళ్ళు, రేవు వాళ్ళు ఎక్కడ వెళ్ళగలరు? రెండేళ్ళలో అన్నీ మూతపడతాయి" అన్నారు. "క్వారీ వాళ్ళని కనిపెట్టుకుని ఉండు. నా పంతొమ్మిదేళ్ళ కష్టమే అది." అలా బతిమాలే గొంతుతో ఆయన నాతో మాట్లాడటం అదే మొదటిసారి.

కనిపెట్టుకునే ఉన్నాను. మిగతా మ్యాచ్‌లన్నిటికీ వాళ్ళు వచ్చారు. సీజను చివర ఒకే ఒక్క మ్యాచ్ మిగిలింది. మా మైదానంలో, ఊరి క్లబ్బుకీ క్వారీ క్లబ్బుకీ. మిల్లు క్లబ్బు అన్ని మ్యాచ్‌లూ ముగించి ఊరి క్లబ్బు కంటే రెండు పాయింట్లు ముందుంది. మరిది జట్టు ఆ ఒక్కటీ గెలిస్తే కప్పు వాళ్ళది. లేకపోతే మిల్లుది.

ఆ ఆదివారం మైదానం స్కూలు ఆటల పోటీలకి కావాలన్నారు. ఒకరోజు ముందుకి, శనివారానికి జరిపాను. బస్సులు చూశాను, రిఫరీని అడిగాను, అంబులెన్సుకి చెప్పాను. క్వారీ వాళ్ళు సరేనంటూ చీటీ పంపారు. మావారు మాత్రలు మింగి నిద్రపోతున్నారు. లేపి అడగొచ్చు. అడగలేదు. ఇంతకాలం చేసినదాన్ని ఈ మాత్రం చెయ్యలేనా అనే పొగరు.

శనివారం పదకొండున్నర బస్సులో క్వారీ వాళ్ళు దిగారు. వాళ్ళ కెప్టెన్ని అందరూ గునపం అంటారు. సన్నగా, పొడుగ్గా, నిటారుగా ఉంటాడు. తిన్నగా నా దగ్గరికి వచ్చి టోపీ తీశాడు.

"మేడమ్, పద్నాలుగుమందిమి వచ్చాం. మధ్యవాడు రాలేదు."

"ఏం? ఒంట్లో బాగాలేదా?"

"బానే ఉంది. ఇవాళ మొదటి శనివారం కదా. నెలకోసారి రాయి పేల్చేది ఇవాళే. మందు కూరేది వాడే మేడమ్. ఫోర్‌మన్ కాళ్ళావేళ్ళా పడి మేమొచ్చాం గాని, వాణ్ణి మాత్రం వదల్లేదు."

"మరి చీటీలో సరేనని ఎందుకు రాశారయ్యా?"

గునపం నన్ను అయోమయంగా చూశాడు. "సారు పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా మాకు మొదటి శనివారం మ్యాచ్ పెట్టలేదు మేడమ్. పెట్టారంటే ఫోర్‌మన్‌తో మాట్లాడే ఉంటారనుకున్నాం."

ఏ బస్సు ఏ నిమిషానికి వస్తుందో తెలిసిన దానికి ఏ ఊళ్ళో ఏ రోజు ఏ పని జరుగుతుందో తెలియలేదు. ఆ సంగతి ఏ పుస్తకంలోనూ రాసి లేదు, మావారి తలలో ఉంది. పక్కగదిలో నిద్రపోతున్న ఆ తలని నేను అడగలేదు.

నేర్చిన మధ్యవాడు లేకపోతే మ్యాచ్ లేదు. అరగంట ఆగాలి. ఆ తర్వాత వాకోవర్. క్వారీకి రెండోది. దాంతో లీగు సరి. నా చేతుల మీదుగా.

ఒక్కటే దారి ఉంది. మా జిల్లాలో పాత ఆనవాయితీ, రూలు పుస్తకానికంటే ముందుది. వచ్చిన జట్టుకి మనిషి తక్కువైతే ఇంటి జట్టు కెప్టెను తన మనిషిని అరువిస్తాడు. అరువెళ్ళినవాడు వాళ్ళ చొక్కా వేసుకుని, ఆ పూటకి వాళ్ళవాడై ఆడతాడు. అయితే ఎవరూ అడగకూడదు, కెప్టెను తనంతట తను ఇవ్వాలి. అడిగితే అది అరువు కాదు, ముష్టి అనేవారు మావారు.

అంటే మా మరిది ఇవ్వాలి. ఊరికే కూర్చుంటే అరగంటలో కప్పు ఒళ్ళో పడే మనిషి.

రిఫరీ గడియారం చూసుకున్నాడు. నేనూ నాది చూసుకున్నాను. ఊరి క్లబ్బువాళ్ళు అప్పుడే ఒకళ్ళ వీపులు ఒకళ్ళు తట్టుకుంటున్నారు. మరిది గీత పక్కన రోలరు మీద కూర్చుని చెవులకి పట్టీ చుట్టుకుంటున్నాడు. చుట్టాడు, విప్పాడు, మళ్ళీ చుట్టాడు. నేను ఇరవై అడుగుల దూరంలో ఉన్నాను. వదినగా వెళ్ళి అడిగితే కాదనడు. కార్యదర్శిగా నోరు మెదపడానికి లేదు. ఆ కాసేపట్లో మావారి మీద, మరిది మీద, గోల్‌పోస్టు మీద, అందరి మీదా కోపమొచ్చింది. అన్నిటికంటే నా మీద.

ఇరవయ్యారో నిమిషంలో మరిది లేచాడు. తన జట్టులో ఒక కుర్రాడి దగ్గరికి వెళ్ళాడు. హోటల్లో సర్వరు, మరిది తర్వాత మధ్యలో నిలబడటానికి కొత్తగా నేర్చుకుంటున్నవాడు.

"ఎన్ని వారాలైంది నువ్వు మొదలుపెట్టి?"

"ఆరు, కెప్టెన్."

"వీణ్ణి ఇచ్చేద్దామా వాళ్ళకి?" అన్నాడు ముందు వరసలో తన పక్కన నిలబడే లావుపాటాయన, ఒప్పుకోలేక ఒప్పుకుంటూ.

"వద్దు" అన్నాడు మరిది. "వీడికి మీరిద్దరూ తెలుసు. ఇటు నువ్వు, అటు వాడు పట్టుకుంటే నిలబడతాడు. ముక్కూ మొహం తెలియనివాళ్ళ మధ్య పెడితే మెడ విరుగుతుంది. వీడు ఇక్కడే ఉండాలి."

"మరి ఇంకెవరున్నారు?"

"నేను వెళ్తాను."

ఒక్కసారిగా అందరూ మాట్లాడారు. "కెప్టెన్, నాలుగు నిమిషాలాగితే కప్పు మనది!" అన్నాడు ఎవరో.

"కావాలంటే ఆడి తెచ్చుకోండి" అని చొక్కా విప్పి సర్వరు చేతిలో పెట్టాడు. ఒంటి మీద బనీనుతో నా దగ్గరికి వచ్చాడు.

"రాసుకో వదినా."

"పేరు?" అన్నాను.

"నా పేరు నీకు తెలీదా?"

"రూలు ప్రకారం అడగాలి."

నవ్వాడు. చెప్పాడు. ఏ క్లబ్బు అని అడిగాను.

"ఇవాళ్టికి క్వారీ."

క్వారీ వాళ్ళ చొక్కా అతనికి చాలలేదు, మొదటి స్క్రమ్‌లోనే భుజం దగ్గర పిగిలింది. ఎదురుగా తన చొక్కా వేసుకున్న సర్వరు. తలకి తల ఆనించి వంగినప్పుడు మరిది ఏదో అనడం చూశాను. ఏమన్నాడని చాలా ఏళ్ళ తర్వాత ఆ సర్వరునే అడిగాను. "గడ్డం పైకెత్తు, వీపు వంచకు, భయపడకు, నేనున్నాను, అన్నాడమ్మా. అని, బంతి లాక్కుపోయాడు" అన్నాడు.

అలాగే ఆడాడు. దాచుకోలేదు. తను పన్నెండేళ్ళు పెంచిన జట్టు ఎటు ఒరుగుతుందో అతనికి కాక ఎవరికి తెలుసు? వాళ్ళని కాచుకుంటూనే తోశాడు. ఆట అయ్యేసరికి క్వారీ పదమూడు, ఊరు పది. గునపం నా దగ్గరికి వచ్చి చేతులు జోడించి వెళ్ళిపోయాడు. ఊరి క్లబ్బువాళ్ళలో సగంమందే మరిదికి చెయ్యిచ్చారు. సర్వరు మాత్రం చొక్కా తిరిగిస్తూ ఏడ్చాడు.

ఇంటికి బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. అతని చెవి చీలి నెత్తురు కారుతోంది. "నా తప్పు వల్ల నీ కప్పు పోయిందయ్యా" అన్నాను. "ఊరుకో వదినా, బస్సులో అందరూ చూస్తున్నారు" అన్నాడు, ఏడుస్తున్నది నేనైతే.

మావారు దిళ్ళకి ఆనుకుని కిటికీకి కళ్ళప్పగించి ఉన్నారు. మొత్తం చెప్పాను, మొదటి శనివారంతో సహా. ఒంటికాలి మీద లేస్తారనుకున్నాను, ఉన్నది ఒంటికాలే గనక. లేవలేదు.

"నేను రాసిపెట్టి ఉండాల్సింది. నా తలలో పెట్టుకు కూర్చున్నాను" అన్నారు. "అయితే ఆరు క్లబ్బులూ ఉన్నట్టేగా?" అని కళ్ళు మూసుకున్నారు. రెప్పల కింద తడి కనిపించింది.

రోజూ మరిది ఇంట్లోకి రాగానే ఆ గదివైపు చూడకుండా తిన్నగా మెట్లెక్కేవాడు. ఆ రోజు నా వెనకే వచ్చి గుమ్మంలో ఆగాడు. పిగిలిన చొక్కా, మోకాళ్ళ దాకా బురద.

"ఓడిపోయాం అన్నయ్యా" అన్నాడు.

మావారు నావైపు చెయ్యి చాపారు. మ్యాచ్ రిపోర్టు ఇచ్చాను. దిండు కింద నుంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, మొదటి గీత నుంచి చివరి సంతకం దాకా చదివారు. ఇప్పుడు కూడా ఏదో తప్పు పడతారనుకున్నాను.

"ఎవరు ఓడిపోయింది?" అన్నారు. "ఇందులో నువ్వు క్వారీ తరఫున ఆడినట్టుంది. క్వారీ గెలిచినట్టుంది. సంఘం రికార్డు ప్రకారం నువ్వు గెలిచావురా చిన్నోడా."

మరిది ఆ బురద కాళ్ళతోనే వచ్చి మంచం పక్కన నేల మీద కూలబడ్డాడు. మంచం పట్టె మీద తల పెట్టుకుని, ముప్ఫయ్యారేళ్ళవాడు, వెక్కివెక్కి ఏడ్చాడు. మావారు వంగలేరు. చెయ్యి మాత్రం చాచి, అందినంతలో, ఆ చీలిన చెవి పక్కన పెట్టారు.

"నొప్పిగా ఉందా?"

"లేదు అన్నయ్యా."

పచ్చి అబద్ధం. నేను దూదీ వేణ్ణీళ్ళూ తేవడానికి వంటింట్లోకి వెళ్ళాను. నీళ్ళు కాగిపోయాక కూడా పొయ్యి ముందే నిలబడి, కావాలని ఆలస్యం చేశాను.